అలారం మోగిన ఆదివారం

ఆ చలికాలం మా ఆవిడ మెట్ల మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లటి కట్టు వేసి, ఆరు వారాలు కదపకూడదన్నాడు డాక్టరు. విరిగింది ఆవిడ చెయ్యే గానీ, పని పడింది నా చేతులకి.

చలికాలం వచ్చిందంటే శని, ఆదివారాలు మా వంటింట్లో ఓవెన్ చల్లారదు. బళ్ళకి సెలవులిచ్చేలోపు మా మూడంతస్తుల్లో ఉన్న పిల్లలందరికీ తలా ఒక డబ్బా బిస్కెట్లు పంచాలని ఆవిడ నియమం. ఎవరూ అడగలేదు, తనంతట తాను పెట్టుకున్నదే. "ఈ ఏటికి మానెయ్యరాదూ?" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నాకు విరిగింది చెయ్యి. నోరు బాగానే ఉంది. నేను చెప్తాను, మీరు చెయ్యండి," అంది.

అలా యాభై ఎనిమిదేళ్ళ వయసులో మొదటిసారి నడుముకి వంటగుడ్డ కట్టాను. నేను రేకుల ఫ్యాక్టరీలో ప్రెస్సు నడిపేవాణ్ణి. రేకు లోపలికి తోసి పెడలు తొక్కితే, పైనుంచి ఇనపదిమ్మె దిగి ధన్‌మని కొట్టి, రేకుని పళ్ళెంలానో మూతలానో మార్చేస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ ధన్ ధన్‌ల మధ్యే గడిపాను. ఆ యేడు ఆర్డర్లు తగ్గి, శని, ఆదివారాలు ఫ్యాక్టరీ మూసేశారు. మా అమ్మాయి సిటీబస్సు నడుపుతుంది. జనం తిరిగేది సెలవు రోజుల్లోనే కాబట్టి శని, ఆదివారాల్లో ఆమెకి డ్యూటీ తప్పదు. అల్లుడు ఓడరేవులో క్రేన్ మీద పని, రెండు మూడు వారాలకోసారి గానీ ఇల్లు చేరడు. అంచేత ఆ రెండు రోజులూ వాళ్ళ పాప మా ఇంట్లోనే ఉండేది. ఒంటిచేత్తో పిల్లని ఎత్తుకోవడం మా ఆవిడ వల్ల కాదు. బిస్కెట్లతోపాటు పిల్ల కూడా నా వాటాకే వచ్చింది.

దానికి రెండేళ్ళ ఐదు నెలలు. బుగ్గల్ని చూసి 'బుడగ' అని నేనే పేరు పెట్టాను, అదే ఖాయమైపోయింది. మాటలు ఇంకా రాలేదు. 'తా' అంటే నేను. 'మ్మ' అంటే వాళ్ళమ్మ, అమ్మమ్మ, పాలు, ఎత్తుకో, ఇంకా కావాలి, అన్నీ. "మా అన్నయ్య కొడుక్కి నాలుగో ఏట వచ్చాయి మాటలు. ఇప్పుడు కోర్టులో వాడి నోరు మూయించేవాడు లేడు," అనేది మా ఆవిడ.

మొదటి శనివారం ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, కట్టు చేతిని దిండు మీద పెట్టుకుని, ఫోర్‌మన్‌లా కూర్చుంది.

"వెన్న చల్లగానే ఉండాలి. పిడికిలితో నొక్కకండి. వేళ్ళ కొసలతో నలపండి. మీ ఫ్యాక్టరీ కాదిది."

"నలుపుతూనే ఉన్నానుగా."

"అది నలపడం కాదు, పీక నొక్కడం."

ఎత్తుపీట మీద నిలబడ్డ బుడగ రెండు చేతులూ మోచేతుల దాకా పిండిలో ముంచింది. ముంచి, కదలకుండా ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా చేతులు పైకెత్తి, వేళ్ళ సందుల్లోంచి పిండి జారిపోతుంటే చూసింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ ఎత్తింది. నేను వెన్న నలపడం ఆపేశాను. పిండి కిందికి జారడంలో అంత చూడాల్సింది ఏముందా అనుకుని నేనూ చూశాను. ఉంది. పొగమంచులా దిగుతోంది. ఇన్నేళ్ళుగా ఆ డబ్బా మా ఇంట్లోనే ఉంది, నేనెప్పుడూ చూడలేదు.

ఇదే వయసులో మా అమ్మాయి ఏం చేసేదో నాకు తెలీదు. ఆదివారాలు కూడా ఓవర్‌టైముకి పోయేవాణ్ణి. నేను ఇంటికొచ్చేసరికి అది నిద్రపోయేది. లేచి చూసుకునేసరికి బస్సు నడుపుతోంది.

ఫ్యాక్టరీలో మిగిలిపోయిన రేకుముక్కలు తెచ్చి, అంచులు మడిచి, బిస్కెట్లకి అచ్చులు చేశాను. ఒకటి చేప, ఒకటి తాళంచెవి, ఒకటి బస్సు. బుడగ చేప అచ్చుని కంటికి ఆనించుకుని, దాంట్లోంచి గదంతా చూసింది. అమ్మమ్మని చూసింది, దీపాన్ని చూసింది, చివరికి నన్ను చూసి పకపకా నవ్వింది. చేప ఆకారంలో తాత ఎలా ఉంటాడో దానికే తెలియాలి.

ట్రే లోపల పెట్టాక ఓవెన్ అద్దం ముందు గొంతుక్కూర్చుని, ఓవెన్ ఉన్న బల్ల మీద అరచెయ్యి ఆనించేది. వెచ్చదనానికి కాబోలనుకున్నాను.

ఇక్కడ నా గుట్టు ఒకటి చెప్పాలి. అప్పటికి పదేళ్ళుగా నాకు చెవులు సరిగ్గా వినపడేవి కావు. ప్రెస్సుషాపులో పనిచేసిన వాళ్ళలో చాలామందికి ఇదే గతి. ముందు సన్న శబ్దాలు పోతాయి. పక్షులు, గంటలు, ఆడవాళ్ళ మాటల్లో చివరి అక్షరాలు. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ప్రెస్సు మీంచి తీసి స్టోరురూములో కూర్చోబెడతారు. ఏటా ఫ్యాక్టరీలో చెవుల పరీక్ష పెట్టేవారు. అద్దం అవతల పరీక్ష చేసే మనిషి మీట నొక్కినప్పుడల్లా అతని భుజం కొంచెం కదిలేది. నేను చెవులతో కాక, ఆ భుజాన్ని చూసి చెయ్యెత్తేవాణ్ణి. ఇంట్లో గోడకి వీపు ఆనించి, అందరి మొహాలూ కనబడేలా కూర్చునేవాణ్ణి. నలుగురూ నవ్వితే నవ్వేవాణ్ణి. జవాబు ఏమొస్తుందో ముందే తెలిసిన ప్రశ్నలే అడిగేవాణ్ణి. ఎవరూ కనిపెట్టలేదని నా ధీమా.

మూడో ఆదివారం మా ఆవిడ పై అంతస్తులో ఉండే దర్జీ ఆవిడ దగ్గరికి వెళ్ళింది, కట్టు పట్టేలా స్వెట్టరు చెయ్యి విప్పించుకోవడానికి. వెళ్తూ వెళ్తూ బిస్కెట్ల ట్రే లోపల పెట్టించి, తనే అలారం తిప్పింది. "అది మోగగానే తియ్యండి. ఒక్క నిమిషం ఆలస్యమైనా మాడతాయి."

నేనూ బుడగా ముందుగదిలో నేలమీద కూర్చుని అట్టపెట్టెతో బస్సు చేస్తున్నాం. సీసామూతలు చక్రాలు. నేను కిటికీలు కోస్తున్నాను, అది జిగురు పూస్తోంది. బస్సుకి తక్కువ, తనకి ఎక్కువ. నాకు వారం నుంచి జలుబు, ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. నా వీపు వంటింటి వైపు ఉంది. ఉన్నట్టుండి బుడగ తలెత్తి నా భుజం మీంచి అవతలికి చూసింది. దాని కళ్ళు పెద్దవయ్యాయి. "తా! తా!" అని నా కాలరు పట్టుకు లాగింది. అదే క్షణాన వీధితలుపు తోసుకుని మా అమ్మాయి వచ్చింది, డ్యూటీ బట్టల్లోనే.

వంటింటి గుమ్మంలోంచి పొగ.

ఆమె పరుగున పోయి ఓవెన్ ఆపింది, కిటికీలు తెరిచింది, ట్రే తీసి సింకులో పడేసింది. నల్లటి చేపలు, నల్లటి బస్సులు.

"నాన్నా, అలారం మోగుతూనే ఉంది! కింద మెట్ల దగ్గరికి వినిపిస్తోంది! ఇద్దరూ పక్కగదిలోనే కూర్చుని ఏం చేస్తున్నారు?"

"బస్సు పనిలో పడి పట్టించుకోలేదమ్మా," అన్నాను.

"మీరిద్దరూ ఒకటే. ఇదీ అంతే. ఏదైనా పనిలో పడితే ఎన్నిసార్లు పిలిచినా పలకదు. మొండిఘటం," అని పిల్లని ఎత్తుకుని, జిగురు చూసి విసుక్కుని, మళ్ళీ ముద్దు పెట్టుకుంది.

నా అబద్ధం చక్కగా అతికింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

సోమవారం ప్రెస్సు దగ్గర నిలబడ్డాను. పెడలు తొక్కాను. ధన్. బూటు అడుగునుంచి మోకాలి దాకా ఆ దెబ్బ ఎక్కింది. అచ్చు సరిగ్గా కూర్చుందో లేదో నాకు చెవులు చెప్పవు, కాళ్ళే చెప్తాయి. ఎప్పుడైనా అనుమానమొస్తే మెషిను మీద అరచెయ్యి ఆనిస్తాను.

అరచెయ్యి.

రెండో రేకు నా చేతిలోనే ఉండిపోయింది. బల్ల మీద ఆనించిన ఆ చిన్న అరచెయ్యి కళ్ళముందు నిలిచింది. దాని వెంట తక్కినవన్నీ వరసగా వచ్చాయి. బుడగ ఎప్పుడూ నాకు ఎదురుగానే కూర్చుంటుంది. మేం నవ్వితే ఒక్క క్షణం మా మొహాలు చూసి, తర్వాత నవ్వుతుంది. అమ్మమ్మ 'పాలు తాగుతావా' అంటే ముందు గ్లాసున్న చేతి వంక చూస్తుంది. అలారం నేను వినకపోవడానికి కారణముంది. మరి అదెందుకు వినలేదు?

గోడకి ఆనుకుని కూర్చునే విద్య నాకు పదేళ్ళు పట్టింది. పెద్దవాణ్ణి, నాలుగూ తెలిసినవాణ్ణి. మాటంటే ఏమిటో కూడా సరిగ్గా తెలియని పసిది అదే విద్య ఎవరూ నేర్పకుండా నేర్చుకుని, రెండేళ్ళుగా మా అందరి కళ్ళూ కప్పింది. భయం తర్వాత వేసింది. ముందు మాత్రం, చేతిలో రేకు పట్టుకుని, నోరెళ్ళబెట్టి నిలబడిపోయాను.

శనివారం దాన్ని పిండితో పీట మీద నిలబెట్టి, మా ఆవిడతో అన్నాను: "దాని వెనక్కి వెళ్ళి, స్టీలు మూత మీద చెంచాతో కొట్టు."

"ఎందుకు?"

"కొట్టవోయ్."

ఎడంచేత్తో కొట్టింది. బుడగ పిండి కుప్ప చేస్తోంది. ఇంకా గట్టిగా కొట్టింది. కుప్ప పూర్తయింది. నేను పిండి వత్తే కర్ర తీసి నేలమీద పడేశాను. పీట అదిరి బుడగ ఉలిక్కిపడి, తిరిగి నా కాళ్ళ వైపు చూసింది.

మా ఆవిడ మూత బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడింది.

"నాక్కూడా ఆ గంట వినపడలేదు," అన్నాను. "ఆ రోజు నేను పనిలో పడి కాదు. నాకు చెవులు..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"మీ చెవుల సంగతి. ఎనిమిదేళ్ళ నుంచి. మీ ఎడంపక్క నిలబడి నేను తిట్టిన తిట్లకి ఒక్కదానికీ మీరు తిరిగి అనలేదు." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "దీని సంగతే తెలుసుకోవాలనిపించలేదు."

సాయంత్రం అమ్మాయి వచ్చింది. బస్సు తాళాలు బల్ల మీద పెట్టి, వంగి బూట్లు విప్పుకుంటోంది. వెయ్యిసార్లు మనసులో అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"నాకు చెవులు వినపడవమ్మా. పదేళ్ళయింది. ఆ అలారం నేను వినలేదు."

ఒక బూటు విప్పింది. తలెత్తింది.

"పాప కూడా వినలేదు," అన్నాను.

రెండో బూటు అలాగే ఉంచి నిటారుగా కూర్చుంది. ఆమె మాట్లాడుతుంటే పెదాల వంకే చూశాను. నా కళ్ళు అక్కడున్నాయని ఆమె మొదటిసారి గమనించింది.

"ఇన్ని శని, ఆదివారాలు చెవిటి మనిషి దగ్గర వదిలానా నా పిల్లని? అది ఏడిస్తే? ఏదైనా మీద పడితే?"

"కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తున్నానమ్మా. చూస్తున్నాను కాబట్టే..."

"నా పిల్లకేం లేదు." విప్పిన బూటు మళ్ళీ తొడుక్కుంది. "నీకుంటే నువ్వు చూపించుకో నాన్నా."

పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆమె భుజం మీంచి బుడగ, నాకు ఎదురుగా, మెట్లు తిరిగేదాకా నా మొహం చూస్తూనే ఉంది.

తర్వాతి శనివారం వాళ్ళు రాలేదు. బిస్కెట్లు నేనొక్కణ్ణే చేశాను. మా ఆవిడ సలహాలేమీ చెప్పలేదు. పిండి నలపడం సరిగ్గానే వచ్చిందనుకుంటాను, బిస్కెట్లు విరిగిపోకుండా వచ్చాయి. ఎవరికీ తినబుద్ధి కాలేదు. ఆదివారమంతా నేను ముందుగదిలో సగం చేసిన అట్టబస్సు పక్కన కూర్చున్నాను. నోరు మూసుకుని ఉంటే సరిపోయేదేమో. పిల్ల నా దగ్గరే ఉండేది. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను కూడా.

మంగళవారం అమ్మాయి ఫోను చేసింది. మా ఆవిడ తీసి, విని, నాకు ఎదురుగా తిరిగి, విడివిడిగా పలుకుతూ చెప్పింది: "ఇంట్లో తలుపు వెనక నిలబడి పళ్ళెం కొట్టి చూసిందట. గురువారం పరీక్ష. మిమ్మల్నీ రమ్మంటోంది."

చెవుల పరీక్ష చేసే అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. గోడలకి మెత్తటి దిండ్లలాంటివి అతికించిన చిన్న గది, ఒక పక్క అద్దం. లోపల వాళ్ళమ్మ ఒళ్ళో బుడగ, అద్దం ఇవతల మీట దగ్గర ఆ అమ్మాయి, పక్కన నేను. శబ్దం వినిపించినప్పుడల్లా ఒక చెక్కముక్క డబ్బాలో వెయ్యాలని ఆటలా నేర్పారు. బుడగ వేసింది. మళ్ళీ వేసింది. మూడోసారీ వేసింది. మా అమ్మాయి మొహం విప్పారింది. అద్దంలోంచి నా వంక, చూశావా అన్నట్టు చూసింది.

నేను బుడగ కళ్ళు చూశాను.

"అమ్మా," అన్నాను పరీక్ష చేసే అమ్మాయితో. "అది మీ భుజం చూస్తోంది."

ఆ అమ్మాయి నా వంక తిరిగింది. తర్వాత తన కుర్చీ పక్కకి జరుపుకుని, బల్లకి అడ్డంగా ఒక ఫైలు నిలబెట్టింది. మీట నొక్కింది. బుడగ చెక్కముక్క పట్టుకుని, ఆ ఫైలు వంక ఓపిగ్గా చూస్తూ కూర్చుంది. చాలాసేపు కూర్చుంది.

నిద్రపుచ్చి ఇంకో పరీక్ష కూడా చేశారు. లావు శబ్దాలు కొన్ని గట్టిగా ఉంటే వినిపిస్తాయి, సన్నవి దాదాపు లేవు, పుట్టుకతోనే అంతే అన్నారు. "నేనేమైనా చేశానా?" అని అడిగింది మా అమ్మాయి. "మీరు చేసింది ఏమీ లేదు," అంది ఆ అమ్మాయి. "రెండేళ్ళుగా మీ అందరినీ చూసి చూసి నెట్టుకొచ్చింది. ఇంత నేర్పుగా ఆడిన పిల్లని నేను చూడలేదు." నన్నూ ఆ గదిలో కూర్చోబెట్టారు. ఈసారి కళ్ళు మూసుకున్నాను.

ఫ్యాక్టరీలో నేనే వెళ్ళి చెప్పాను. స్టోరురూముకి మార్చారు. నట్లు, బోల్టులు, మౌనం. అనుకున్నంత కష్టంగా ఏమీ లేదు.

మూడు వారాలకి బుడగకి వినికిడి మిషన్లు వచ్చాయి. చెవి వెనక పెట్టేవి, చిక్కుడుగింజ అంత. శుక్రవారం పెట్టారు. శనివారం పొద్దున మా అమ్మాయి పిల్లని తీసుకొచ్చి, డ్యూటీకి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడింది. "ఈ రోజు సెలవు పెట్టాను," అంది. నా ఎదురుగా వచ్చి నిలబడి అంది. అంతకుమించి ఆ విషయం మేం మళ్ళీ మాట్లాడుకోలేదు.

మేం నేలమీద రంగుకాగితాలు పరుచుకుని కూర్చున్నాం, బిస్కెట్ల డబ్బాలకి అతికించడానికి. బుడగ ఒక ఎర్రకాగితం తీసుకుని రెండు చేతులతో చింపింది.

ఆగిపోయింది.

కాగితాన్ని చూసింది. తన చేతుల్ని చూసింది. వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది. మళ్ళీ కాగితం పట్టుకుని, ఈసారి చాలా నెమ్మదిగా, అంగుళం చింపింది. ఇంకో అంగుళం. దాని నోరు తెరుచుకుంది. అది చివరిదాకా చింపి, ఇంకో కాగితం తీసుకుంది. పచ్చది. పచ్చదానికీ అదే మోత ఉందా అని చూసుకుంది. ఆ తర్వాత పసుపుపచ్చది, నీలం. ఆ పొద్దుటిపూట డబ్బాల కోసం తెచ్చిన కాగితాలన్నీ చింపేసింది. మేం ఒక్కసారీ అడ్డుకోలేదు. చింపడానికి ఇంకేమీ మిగలక, నేను అల్మారాలో ఉన్న పాత పేపర్ల కట్ట తెచ్చి ముందు పెట్టాను.

మధ్యాహ్నం ఇల్లంతా తనిఖీ చేసింది. కుళాయి విప్పించింది, కట్టించింది. డబ్బాలో బియ్యం పోయించింది. అమ్మమ్మ గుడ్డు పగలగొడితే తుళ్ళిపడి, ఇంకోటి తెచ్చి చేతిలో పెట్టింది. ఐదు గుడ్లయ్యాయి. "ఇక ఈ రోజు కేకే," అంది మా ఆవిడ, కళ్ళు భుజానికి తుడుచుకుంటూ. తర్వాత బుడగ నా చెంప మీద చెవి ఆనించి, గడ్డం మీద అరచెయ్యి రాసి ఆ గరగర విన్నది. చిన్న చెయ్యి. ఏ సంగీతం వినేవాళ్ళకీ అంత శ్రద్ధ ఉండదు. నా గడ్డంలో ఏముంటుందో ఇన్నేళ్ళలో నాకే తెలీదు. నాకు వినపడదు కూడా.

మాటలు రావడానికి నెలలు పడుతుందని చెప్పారు. పట్టింది. కానీ ఆ చలికాలం చివరి ఆదివారం మాత్రం చెప్పి ముగిస్తాను.

అప్పటికి మా ఆవిడ కట్టు విప్పేశారు. ఓవెన్ మళ్ళీ ఆవిడ చేతికొచ్చింది. డబ్బాలు సర్దుతున్నాం, బళ్ళకి సెలవులు ఎప్పుడో అయిపోయినా సరే. ఒక్కో డబ్బాకి ఎన్ని చేపలు, ఎన్ని బస్సులు అని తల్లీ కూతుళ్ళకి పేచీ. మధ్యలో నేను తలదూర్చాను.

"చేపలు విరుగుతాయి, అడుగున పెట్టకండి," అన్నాను.

"నాలుగు రోజులు పిండి నలిపి మాకే చెప్పొచ్చారు," అంది మా ఆవిడ.

"అమ్మా, నాన్న చెప్పింది నిజమే, తోకలు చూడు."

అప్పుడు బుడగ లేచి నిలబడింది. ఒక వేలెత్తి చెవి వైపు చూపించింది. ఏదైనా విన్నప్పుడు అలా చెయ్యమని నేర్పారు. దాని చూపు వీధితలుపు మీద ఉంది.

"ఏంటమ్మా?" అంది మా అమ్మాయి. చెవి ఒగ్గింది. "ఏం లేదే."

మా ఆవిడ కూడా విని తల అడ్డంగా ఊపింది. నన్ను అడిగి లాభం లేదు. నా మిషన్లు ఇంకా రాలేదు.

బుడగ వేలు దించలేదు. నెమ్మదిగా తలుపు దగ్గరికి నడిచి, అరచెయ్యి ఆనించకుండా, వట్టినే నిలబడింది. పావు నిమిషం అయివుంటుంది. మా అమ్మాయి మొహం మారింది. ఇప్పుడు ఆమెకీ వినిపిస్తున్నాయి, కింది అంతస్తులో మెట్ల మీద అడుగులు. ఆమె వెళ్ళి తలుపు తీసింది. మూడు వారాల తర్వాత ఓడరేవు నుంచి వచ్చిన మా అల్లుడు, చేతిలో సంచీతో, గంట నొక్కడానికి ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉండిపోయి, గుమ్మంలో తనకోసం ముందే వచ్చి నిలబడి ఉన్న కూతుర్ని చూశాడు.

"నేనొస్తున్నట్టు ఎవరు చెప్పారు?" అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. మేం ముగ్గురం మాట్లాడుకుంటున్నాం. వింటున్నది అదొక్కతే.